మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి మొహం వేయాలంటే ఏ రంగులు? చార్కోల్, వాటర్ కలర్, యాక్రిలిక్, ఆయిల్: మన సీమ ఎండలకు, మన ఇళ్లకు ఏది సరిపోతుంది

మా జేజి కుర్చీలో కదలకుండా కూర్చోగలిగేది పద్దెనిమిది నిమిషాలు. ఫోన్లో టైమర్ పెట్టి మూడు రోజులు వరసగా చూసినాను, రోజూ అంతే. ఆ తర్వాత మోకాలు లాగుతుంది, చెయ్యి కొంగు మీదికి పోతుంది, తల కొంచెం కొంచెంగా ఎడమకు వాలుతుంది, "అయిందా నాయనా, ఇంగ లేయొచ్చా" అంటుంది. ఆ పద్దెనిమిది నిమిషాల లెక్క తేలినాకే నాకు ఏ రంగులతో వేయాలో తేలింది. అంతకుముందు నేను చేసింది దానికి తిరగమరగ. యాక్రిలిక్ సెట్టు కొన్నాను, క్యాన్వాసులు కొన్నాను, ఆ తర్వాత ఎవర్ని కూర్చోబెడదామా అని చూసినాను, మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద మొదలుపెట్టి రెండు క్యాన్వాసులు పాడు చేసుకున్నాను.

ఇప్పుడు మా అనంతపురంలో గానీ, కర్నూలు కడప పక్క నుంచి గానీ బొమ్మలు వేసే పిల్లోళ్లు "అన్నా, ఫోటో చూసి వేయడం వచ్చింది, ఎదురుగా మనిషిని పెట్టుకొని వేద్దామనుకుంటున్నా, ఏ మీడియం మంచిది" అని అడిగితే నేను ఒకటే అడుగుతాను, ఎవర్ని కూర్చోబెడుతున్నావు, ఆ మనిషి ఒక్కసారికి ఎంతసేపు కూర్చుంటారు, మళ్లీ ఎన్నిసార్లు వస్తారు. ఈ రెండు వేరే వేరే విషయాలు, కలిపేయొద్దు. ఒక్కసారే దొరికే మనిషి వేరు, రోజూ ఇంట్లోనే ఉండి కాసేపే కూర్చోగలిగే మనిషి వేరు. ఏ రంగు అనేది మన ఇష్టం కన్నా ఎక్కువగా ఎదురుగా కూర్చున్న మనిషి మీద ఆధారపడి ఉంటుంది, నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఇదే.

## రంగు కొనే ముందు తేల్చుకోవాల్సినవి

కూర్చునే టైము. మామూలుగా ఆర్ట్ క్లాసుల్లో పాటించే లెక్క ఇరవై నిమిషాలు కూర్చోవడం, ఐదు నిమిషాలు లేచి తిరగడం. అలవాటు లేని మనిషికి ఇరవై నిమిషాలు కూడా చానా ఎక్కువ, పదిహేనుతో మొదలుపెట్టండి. పెద్ద పెద్ద చిత్రకారులు మనుషుల్ని ఎంతగా కూర్చోబెట్టినారంటే, 1899లో సెజాన్ తన బొమ్మలు అమ్మే వొలార్‌ను వేస్తూ 115 సార్లు కూర్చోబెట్టినాడని వొలారే రాసుకున్నాడు, పికాసో 1905-06లో రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్‌ను ఎనభై తొంభై సార్లు కూర్చోబెట్టి చివరికి తల మొత్తం చెరిపేసి, తర్వాత ఆమె ఎదురుగా లేకుండానే వేసుకున్నాడు. మనకి అట్ల కుదరదు. మన ఇంట్లోవాళ్లకి పొయ్యి మీద సంగటి ఉంటుంది, స్కూలు నుంచి పిల్లోళ్లు వస్తారు. మనకి దొరికేది ఒక ఆదివారం పొద్దున, లేదా రోజుకు అరగంట.

ఎండ. ఇది మన ఊర్ల ప్రత్యేకమైన సమస్య. యూట్యూబ్‌లో చూసే వీడియోలు ఎక్కువగా చల్లటి దేశాల్లో చేసినవి, వాళ్లు "ఈ వాష్ (నీళ్లతో పల్చగా పరిచిన రంగు) ఇంకా తడిగా ఉండగానే" అని తీరిగ్గా మాట్లాడుతూ ఉంటే మన దగ్గర ఆ మాట పూర్తయ్యేలోపు పేపర్ ఆరిపోయి ఉంటుంది. కర్నూల్లో మే నెలలో నలభై దాటుతుంది, గాలిలో తేమ ఉండదు, పైన ఫ్యాన్. నీళ్లతో కలిపే రంగు ఏదైనా సరే ఈ మూడింటికీ తట్టుకోవాలి.

దిద్దుకునే వీలు. ఎదురుగా ఉన్న మనిషి కదులుతారు, కదలక తప్పదు, ఊపిరి తీసుకుంటున్న మనిషి కదా. కాబట్టి మొదట గీసిన కన్ను పది నిమిషాల తర్వాత తప్పు అవుతుంది. చెరిపి మళ్లీ వేయడానికి ఎంత వీలిస్తుందనేది ఫోటో చూసి వేసేటప్పటికన్నా ఇక్కడ పదింతలు ముఖ్యం.

వాసన, చోటు. పడసాలలో వేస్తున్నామా, మిద్దె పైన గదిలోనా, ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లు ఉన్నారా.

మన ఒంటి రంగు. దీని గురించి కింద విడిగా చెప్తాను, ఎందుకంటే షాపులో దొరికే "స్కిన్ టోన్" ట్యూబు మనోళ్ల మొహాలకు పనికిరాదు.

## ముందు వెలుతురు సంగతి, ఇది లేకుంటే ఏ రంగైనా ఒకటే

పుస్తకాలన్నీ "ఉత్తరం కిటికీ దగ్గర కూర్చోబెట్టు, ఆ పక్క నుంచి ఎండ రాదు, రోజంతా వెలుతురు ఒకే తీరుగా ఉంటుంది" అంటాయి. అది యూరప్‌కి సరిపోతుంది. మనం ఉన్నది భూమధ్యరేఖకు 14, 15 డిగ్రీల పైన, అంటే ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం దాకా సూర్యుడు మధ్యాహ్నం మనకు నడినెత్తి దాటి ఉత్తరం పక్కకే ఉంటాడు. మిట్టమధ్యాహ్నం పెద్ద ఇబ్బంది లేదు, పైనుంచి వచ్చే ఎండని సజ్జా ఆపుతుంది. ఇబ్బంది పొద్దున్నే ఏడు ఎనిమిదికి, మళ్లీ సాయంత్రం నాలుగున్నర తర్వాత, అప్పుడు ఎండ ఉత్తరం కిటికీలోకి కూడా ఏటవాలుగా దూరుతుంది, చెంప మీద ఒక పసుపు మచ్చ పడి పది నిమిషాల్లో ముక్కు మీదికి జరుగుతుంది, అంతవరకు వేసిన నీడలన్నీ తప్పయిపోతాయి. ఎండాకాలంలో కిటికీకి తెల్ల పంచె ఒకటి అడ్డం కట్టండి చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అయితే ఉత్తరం కిటికీ నిజంగానే పుస్తకంలో చెప్పినట్టే ఉంటుంది, మొదటిసారి వేసేవాళ్లు ఆ నెలల్లో మొదలుపెడితే సగం బాధ తప్పుతుంది.

ఇంకోటి కింద నేల. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఎన్నో బొమ్మలు వేసినాక అర్థమైంది. పాత ఇళ్లల్లో కడప నల్లబండలు పరిచి ఉంటాయి, ఆ బండ వెలుతురును మింగేస్తుంది, గడ్డం కింద నీడ చిక్కగా, మెడ గుండ్రంగా కనపడుతుంది. అదే మనిషిని కొత్తింట్లో తెల్ల టైల్స్ మీద కూర్చోబెడితే కింద నుంచి వెలుతురు ఎగదన్ని గడ్డం కింద నీడే లేకుండా పోతుంది, మొహం చపాతీ మాదిరి చదునుగా వస్తుంది, మనం మన చేతిని తిట్టుకుంటాం. టైల్స్ ఉంటే కుర్చీ కింద ఒక నల్ల కంబళి పరచండి, తేడా మీకే తెలుస్తుంది. గోడకి ఆకుపచ్చో నీలమో డిస్టెంపర్ ఉంటే ఆ రంగు కూడా నీడ పక్క చెంప మీదికి ఎక్కుతుంది, వెనకాల ఒక గోనెపట్ట గానీ బూడిద రంగు దుప్పటి గానీ వేలాడదీయండి.

కుర్చీ కాళ్ల చుట్టూ, పాదాల చుట్టూ చాక్‌పీసుతో గీత గీయండి. లేచి నీళ్లు తాగొచ్చి మళ్లీ కూర్చుంటే అదే చోట కూర్చోవాలి.

## చార్కోల్: ఒక్కసారే దొరికే మనిషికి

మా వీధి చివర టీ అంగడి అన్న ఉన్నాడు, మధ్యాహ్నం రెండున్నర నుంచి మూడున్నర దాకా బేరం ఉండదు, ఆ గంటే. ఎవరన్నా వచ్చినారంటే లేచిపోతాడు. అట్లాంటి మనిషికి చార్కోల్ తప్ప ఇంకోటి పట్టుకుపోవద్దు. కొమ్మ బొగ్గు, అంటే పుల్ల మాదిరి సన్నగా ఉండేది, అది వేలితో తుడిస్తే పోతుంది, తల ఆకారం తప్పితే గుడ్డతో ఒక్క దులుపు దులిపి మళ్లీ గీసుకోవచ్చు. గట్టి నల్లటి కంప్రెస్డ్ చార్కోల్ ఇంకో రకం, అది చివర్లో కనుపాపకి, ముక్కు రంధ్రానికి, మెడ కింద లోతుకి మాత్రమే, ఒకసారి పడితే పోదు. పుట్టీ రబ్బరు తప్పకుండా కొనండి, చపాతీ పిండి మాదిరి మెత్తగా ఉంటుంది, చివర మొన చేసి అద్దితే నుదుటి మీద మెరుపు తేలుతుంది.

మంచి కిటుకు ఒకటి, తెల్ల కాగితం కాకుండా బూడిద రంగు గానీ, ప్యాకింగ్‌కి వాడే ఖాకీ రంగు కాగితం గానీ తీసుకోండి. మనోళ్ల మొహానికి ఆ ఖాకీ కాగితమే మధ్య రంగు అవుతుంది, నీడలకి బొగ్గు, మెరుపులకి తెల్ల చాక్, నలభై నిమిషాల్లో మొహం లేచి నిలబడుతుంది. ఆ అన్నది నాకు మూడు విడతల్లో అయిపోయింది, మధ్యలో రెండుసార్లు లేచి టీ పోసి వచ్చినాడు కూడా.

లోటు ఏమంటే రంగు ఉండదు, ఫిక్సేటివ్ స్ప్రే కొట్టకుంటే చెయ్యి తగిలి చెరిగిపోతుంది, ఫిక్సేటివ్ కొడితే వేసిన చాక్ మెరుపు కొంచెం చచ్చిపోతుంది. అద్దం వేసి ఫ్రేము కట్టించాలి. ఖర్చు మాత్రం అన్నిటికన్నా తక్కువ.

సాఫ్ట్ పేస్టల్ గురించి కూడా అడుగుతారు, అది చార్కోల్‌కి రంగులు వచ్చిన అన్న అనుకోండి, స్పీడు అంతే ఉంటుంది కానీ పొడి ఇల్లంతా ఎగురుతుంది, మంచి రంగులు మన ఊర్లలో దొరకడం కష్టం, మొదటిదిగా నేను చెప్పను.

## వాటర్ కలర్: అందరికీ తేలిగ్గా కనపడేది, నిజానికి అన్నిటికన్నా కఠినం

చిన్నప్పుడు స్కూల్లో కేమెల్ డబ్బాతో వేసినాం కదా అని అందరూ దీంతో మొదలుపెడతారు. మనిషి మొహానికి ఇది చానా నిక్కచ్చి. తెలుపు అంటే కాగితమే, ఒకసారి చెంప మీద చిక్కటి రంగు పడిందంటే మళ్లీ తెల్లగా చేయలేం. ఆరినాక రంగు ఒక మెట్టు పేలవం అవుతుంది, కాబట్టి తడిగా ఉన్నప్పుడు "అమ్మో ఎక్కువైంది" అనిపించేంత వేయాలి, ఆ ధైర్యం రావడానికి నాకు ఒక సంవత్సరం పట్టింది.

కానీ మన ఒంటి రంగుకి వాటర్ కలర్‌లో వచ్చే మెరుపు ఇంకో దాంట్లో రాదు. బర్న్ట్ సియెన్నా, అంటే ఎర్రమట్టి గోధుమ రంగు, పల్చగా పరిచి, అది తడిగా ఉండగానే నీడ పక్కకి అల్ట్రామెరైన్ బ్లూ ఒక్క చుక్క వదిలితే ఆ రెండూ వాటంతటవే కలిసి నల్లగా కాకుండా ఊదా తిరిగిన గోధుమ రంగు వస్తుంది, పొలం పని చేసి ఎండకి కమిలిన చెంప అచ్చం అట్లే ఉంటుంది.

ఎండకి దారి ఏందంటే, పొద్దున ఆరున్నర ఎనిమిది మధ్యలో వేయండి, తూర్పు ఎండ ముందు పడే గది కాకుండా నీడ పక్క గదిలో. ఫ్యాన్ ఆపితే కూర్చున్న మనిషికి చెమట, వేస్తే కాగితం ఆరిపోతుంది, కాబట్టి ఫ్యాను బదులు నీళ్ల కూలర్ పెట్టండి, అది గాలికి తేమ ఇస్తుంది, వాష్ ఇంకో నిమిషం ఎక్కువ తడిగా నిలుస్తుంది. కాగితం మందం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఇన్ని గ్రాముల బరువు అని) కన్నా తక్కువ తీసుకుంటే అలలు లేస్తుంది, కుదిరితే కాటన్ కాగితం.

మనిషి గంట, గంటన్నర కూర్చుంటే చాలు, అయిపోతుంది లేదా పాడైపోతుంది, మధ్యలో ఇంకేం లేదు. ఒకే మనిషిని నాలుగు కాగితాల మీద నాలుగుసార్లు వేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకి ఇది మంచిది. ఒక్కటే వేసి గిఫ్ట్ ఇవ్వాలనుకునేవాళ్లకి వద్దు.

## యాక్రిలిక్: నా రెండు క్యాన్వాసులు దీంతోనే పోయినాయి, అయినా చెడ్డదని చెప్పను

యాక్రిలిక్ అంటే నీళ్లలో తేలే ప్లాస్టిక్ లాంటి జిగురులో కలిపిన రంగు, నీళ్లు ఆవిరైతే గట్టిపడి మళ్లీ కరగదు. నేను మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద మొదలుపెట్టినప్పుడు మా బాబాయి కూర్చున్నాడు. నుదుటికి కలిపిన రంగు ప్యాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద నాలుగైదు నిమిషాలకే తోలు కట్టింది. చెంపకి వచ్చేసరికి అదే రంగు మళ్లీ కలపాల్సి వచ్చింది, కొత్తగా కలిపింది పాతదానికి సరిపోలేదు, ఎందుకంటే యాక్రిలిక్ ఆరితే ఒక మెట్టు ముదురు అవుతుంది. తడిది ఆరినదానితో పోల్చి కలుపుతూ ఉంటే మొహం అతుకులు అతుకులుగా తయారైంది, మంచి బ్రష్ ఒకటి రంగు ఆరిపోయి కట్టె అయిపోయింది. బాబాయి రెండున్నర గంటలు ఓపిగ్గా కూర్చున్నాడు, నేను ఆయనకి చూపించలేని బొమ్మ వేసినాను.

తర్వాత నేర్చుకున్నది ఇది. ప్యాలెట్‌గా స్టీలు టిఫిన్ బాక్సు మూత తీసుకొని అందులో తడి స్పాంజి గుడ్డ, దాని మీద బటర్ పేపర్, ఆ పేపర్ మీద రంగులు. గంటల తరబడి తడిగా ఉంటాయి. చిన్న స్ప్రే సీసాతో పదేసి నిమిషాలకి నీళ్లు చిలకరించాలి. రిటార్డర్ అని దొరుకుతుంది, రంగులో కొద్దిగా కలిపితే ఆరడం నిదానమవుతుంది, ఎక్కువ కలిపితే జిడ్డుగా ఉండిపోతుంది. ఇంకా ముఖ్యంగా, మెత్తగా కలిపేసే పని దీంతో పెట్టుకోవద్దు. మొహాన్ని వెలుగు, మధ్య, నీడ అని మూడు ముక్కలుగా చూసి, పెద్ద బ్రష్‌తో చదునైన పలకలుగా వేసుకుంటూ పోండి. అట్ల వేస్తే త్వరగా ఆరడమే మేలు, పైన ఇంకో పొర వెంటనే వేయొచ్చు, తప్పయితే పది నిమిషాలాగి దాని మీదే కొత్త ముక్కు వేయొచ్చు. వాసన లేదు, హాస్టల్ గదిలో కూడా వేసుకోవచ్చు.

ఒకే రోజు రెండు మూడు గంటలు దొరికే మనిషికి, డిసెంబరు జనవరిలో, ఇది చక్కగా సరిపోతుంది.

## ఆయిల్: కాసేపే కూర్చునే మనిషికి నిదానంగా ఆరే రంగు

ఇక్కడే చానామంది పొరపాటు పడతారు. ఆయిల్ నిదానం కాబట్టి గంటలు గంటలు కూర్చోగలిగే మోడల్ కావాలి అనుకుంటారు. మా జేజి విషయంలో సరిగ్గా దానికి రివర్స్. ఆమె రోజూ ఇంట్లోనే ఉంటుంది, రోజుకు పద్దెనిమిది నిమిషాలవి రెండు విడతలు కూర్చుంటుంది, అంతే. ఆయిల్ రంగు నీళ్లు ఆవిరై ఆరదు, అవిసె నూనె గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, దానికి రోజులు పడుతుంది. కాబట్టి సోమవారం ఆపిన చెంప మంగళవారం ఇంకా మెత్తగానే ఉంటుంది, నిన్నటి రంగు ప్యాలెట్ మీద ఇంకా రంగుగానే ఉంటుంది, ఆపిన చోటి నుంచి మొదలు. తడిగా ఉన్న రంగు తడిగా ఉన్నట్టే ఆరుతుంది, ముదరడం తేలడం పెద్దగా లేదు. ముక్కు తప్పితే కత్తితో గీకేయడమే, మొహాలు వేయడంలో పేరుమోసిన అమెరికా చిత్రకారుడు సార్జెంట్ అంతటివాడు కూడా తల కుదరకపోతే మొత్తం గీకేసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఒక్క షరతు, రోజూ అదే టైముకి వేయాలి. మాది పొద్దున తొమ్మిదిన్నర. జేజి పూజ అయి, టిఫిన్ అయి, ఇంకా నిద్ర రాని టైము.

ఇప్పుడు భయపెట్టే విషయాలు. టర్పెంటైన్ వాసన ఇంట్లో వృద్ధులకి, ఆయాసం ఉన్నవాళ్లకి మంచిది కాదు. నేను పడసాలలో టర్పెంటైన్ సీసా మూత తీయనే తీయను, రంగు చిక్కగా ఉంటే రెండు చుక్కలు అవిసె నూనె, బ్రష్షులు ముందు నూనెతో తుడిచి తర్వాత సబ్బు నీళ్లతో కడుగుతాను. నీళ్లతో కడుక్కునే ఆయిల్ రంగులు కూడా వచ్చినాయి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని మాత్రం ముద్ద చేసి మూలకి పడేయొద్దు, అవి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, మన ఎండల్లో ఇంకా ప్రమాదం. విప్పి ఆరుబయట నేల మీద పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లల్లో ముంచి పెట్టండి.

పొరలు వేసేటప్పుడు కింద పొరలో నూనె తక్కువ, పైపొరల్లో ఎక్కువ, ఇది మర్చిపోతే కొన్నేళ్లకి మొహం మీద పగుళ్లు వస్తాయి. గోధుమ రంగు అంబర్ త్వరగా ఆరుతుంది, టైటానియం వైట్ నిదానం. వార్నిష్ ఆరు నెలలకు ముందు వద్దు.

## నాలుగూ ఒక చోట

| | ఒక్కసారి ఎంతసేపు | ఎన్నిసార్లు | తప్పు దిద్దడం | మన ఎండాకాలం | ఆరినాక రంగు | ఇంట్లో ఇబ్బంది |
|---|---|---|---|---|---|---|
| చార్కోల్ | 40 నిమిషాల నుంచి గంట | ఒకసారి చాలు | చానా సులువు | ఏమీ కాదు | మారదు | నల్ల పొడి |
| వాటర్ కలర్ | గంట, గంటన్నర | ఒకసారి, కానీ మళ్లీ మళ్లీ | దాదాపు లేదు | పొద్దున్నే అయితేనే | పేలవం అవుతుంది | ఏమీ లేదు |
| యాక్రిలిక్ | రెండు మూడు గంటలు | ఒకటి రెండు | ఆరినాక పైన వేయొచ్చు | కష్టం, తడి ప్యాలెట్ కావాలి | ముదురు అవుతుంది | బ్రష్షులు పాడవుతాయి |
| ఆయిల్ | 15 నిమిషాలైనా సరే | నాలుగు నుంచి పది | గీకి మళ్లీ వేయొచ్చు | ఇబ్బంది లేదు | పెద్దగా మారదు | వాసన, నూనె గుడ్డలు |

టేబుల్‌లో గంటలు నా చేతి వేగానికి, ఒక్క తల మాత్రమే వేస్తే. చేతులు కూడా వేయాలంటే రెట్టింపు చేసుకోండి.

## మన ఒంటి రంగు కలపడం

ఏ మీడియం అయినా ఇది ఒకటే. "స్కిన్ టోన్" ట్యూబు లేత గులాబీ, దాంట్లో గోధుమ రంగు కలిపితే మట్టి బొమ్మ వస్తుంది. చామనఛాయ మొహాన్ని వెలుగు చేయాలని తెలుపు పోస్తూ పోతే బూడిద పూసినట్టు అవుతుంది, దాదాపు అందరం చేసే తప్పు ఇది. వెలుగు పక్కకి తెలుపు కన్నా ముందు ఎల్లో ఆకర్, అంటే పసుపు మన్ను రంగు, కలపండి, తెలుపు చివర్లో. నుదుటి మీద, ముక్కు కొస మీద మెరుపు మాత్రం చూడండి, నలుపు మొహం మీద ఆ మెరుపు ఎర్రమొహం మీద కన్నా గట్టిగా ఉంటుంది, కిటికీ పక్క ఆకాశం రంగు దాంట్లో నీలంగా కనపడుతుంది. గడ్డం కింద నీడలో చీర రంగు ఉంటుంది. మా జేజి చిలకపచ్చ చీర కట్టుకున్న రోజు దవడ కింద పచ్చగా ఉండింది, అది వేయకుండా వదిలేస్తే దవడ మెడకి అతుక్కోలేదు, వేసినాకే కుదిరింది.

ఎక్కువ ట్యూబులు కొనొద్దు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ నాలుగే రంగులతో మొహాలు వేసేవాడని అంటారు, తెలుపు, ఎల్లో ఆకర్, ఇంగిలీకం ఎరుపు, ఐవరీ బ్లాక్. 1896లో వేసుకున్న తన బొమ్మలో చేతిలో ప్యాలెట్ మీద ఆ నాలుగే కనపడతాయి. ఆ ప్యాలెట్ గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది లేపాక్షి. వీరభద్రస్వామి గుడి కప్పు మీద పదహారో శతాబ్దంలో వేసిన బొమ్మల్లో కూడా ముఖ్యంగా మట్టి ఎరుపు, పసుపు మన్ను, నలుపు, తెలుపే రాజ్యమేలుతాయి, ఆ కొద్ది రంగులతోనే ఒక్కో మనిషి ఒంటి రంగు ఒక్కో తీరుగా ఉంటుంది. ఆదివారం పూట మెడ నొప్పి పుట్టేదాకా తలెత్తి చూసి రండి. నలుపు, తెలుపు కలిపిన బూడిద రంగు ఎరుపు పక్కన పెడితే నీలంగా కనపడుతుంది, ఎల్లో ఆకర్‌లో నలుపు కలిపితే ఆకుపచ్చ అవుతుంది. నాలుగు రంగులతో నాలుగు నెలలు చేయండి.

## ఫోటో తీసుకొని వేస్తే పోదా?

ఇది కూడా ఒక ఎంపికే కాబట్టి చెప్తాను. ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. నీడలు నల్లగా మూసుకుపోతాయి, ఆ నీడలో ఉండే చీర పచ్చదనం, గోడ నీలం ఫోటోలో ఉండవు. ఫోటోలో ఒక్క క్షణం ఉంటుంది, ఎదురుగా కూర్చున్న మనిషిలో అరగంట ఉంటుంది, మొదట బిగుసుకొని ఉన్న మొహం పది నిమిషాలకి వదులవుతుంది, అప్పుడే అసలు మనిషి కనపడతారు. అయినా మనిషి మళ్లీ దొరకరు అనుకుంటే చివర్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, ఏడెనిమిది అడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీయండి, బట్టలకి, నగలకి అది చూసుకోండి, మొహం మాత్రం ఎదురుగా ఉన్నప్పుడే ముగించండి.

## మీరు ఎవరైతే, ఏది

ఇప్పుడే మొదలుపెట్టే కాలేజీ పిల్లోళ్లు, ఫైన్ ఆర్ట్స్ వైపు పోవాలనుకునేవాళ్లు: ఆరు నెలలు చార్కోల్ ఒక్కటే. మోడల్ దొరక్కపోతే అద్దం ముందు కూర్చోండి, ఫ్రెండ్‌తో మార్చి మార్చి కూర్చోండి. కళ్లు తల ఎత్తుకి సరిగ్గా సగంలో ఉంటాయి అనేది చేతికి ఎక్కేదాకా రంగు జోలికి పోవద్దు. పళ్లు ఊడిన పెద్దవాళ్లలో ఆ లెక్క మారుతుంది, గడ్డం ముక్కుకి దగ్గరవుతుంది, కళ్లు సగం కన్నా కొంచెం కిందికి వచ్చినట్టు అవుతుంది, కొలిచి వేయండి.

ఉద్యోగం చేస్తూ ఆదివారం మాత్రమే దొరికేవాళ్లు: చలికాలంలో యాక్రిలిక్, ఎండాకాలంలో చార్కోల్. వారానికి ఒకసారి ఆయిల్ కూడా కుదురుతుంది కానీ ప్రతి ఆదివారం పాత పొర సగం ఆరి ఉంటుంది, దాని మీద కొత్తది కలవదు, అది తెలిసి దిగండి.

ఇంట్లో పెద్దవాళ్లని వేయాలనుకునేవాళ్లు: ఆయిల్. దయచేసి వాయిదా వేయొద్దు. వచ్చే చలికాలం అని మా తాతని నేను వాయిదా వేసినాను, ఇప్పుడు ఆయన ఫోటోలు మాత్రమే ఉన్నాయి.

బయట మనుషుల్ని వేయాలనుకునేవాళ్లు, సంతలో కూరగాయలమ్మే అవ్వ, ఇంటి పని మేస్త్రీ, అట్లాంటివాళ్లు: వాళ్లకి సగం రోజు పోతే సగం రోజు కూలి పోతుంది, ఆ కూలి ముందే మాట్లాడుకొని ఇవ్వండి, టీ ఇచ్చి పంపితే సరిపోదు. ఆడవాళ్లయితే ఇంకొకరు తోడు ఉండే చోట కూర్చోబెట్టండి. అయినాక బొమ్మ చూపించండి, ఎట్లున్నా సరే చూపించండి.

చూపించే ముందు ఒక పని, బొమ్మని అద్దంలో చూసుకోండి. కుడి ఎడమ మారేసరికి కన్ను ఒకటి కిందికి జారినా, దవడ ఒక పక్క లావైనా వెంటనే దొరికిపోతుంది. ప్రతి విడత మధ్యలో ఐదు నిమిషాల రెస్టులో నేను చేసే పని అదే.

మా జేజి బొమ్మ తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు ముందర పెడితే చానాసేపు చూసి, "అంతా బాగుంది గానీ నాయనా, ముక్కుపుడక ఆ పక్క పెట్టినావేం, ఈ పక్క గదా" అని తన ముక్కు పట్టుకొని చూపించింది. ముక్కుపుడక సరిగ్గానే ఉంది. ఎనభై ఏళ్లుగా ఆమె తన మొహాన్ని చూసుకున్నది అద్దంలోనే. గోడకున్న అద్దం తీసుకొచ్చి బొమ్మని దాంట్లో చూపించినాను. "ఆఁ, ఇప్పుడు నేనే" అనింది. ఇప్పుడు ఆ బొమ్మ పడసాలలో ఉంది, అద్దానికి ఎదురు గోడకి తగిలించమని ఆమే చెప్పింది, తల దువ్వుకునేటప్పుడు అద్దంలో రెండూ చూసుకుంటుంది.